‘గ్యారంటీ ఎన్నేళ్లు డాక్టరుగారూ?’

పోయిన సంచికలో డయాలసిస్ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కిడ్నీ మార్పిడి మీదే. ఎక్కువగా కోనసీమ నుంచి, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వచ్చాయి. అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒకటే, ఎన్నేళ్లు పని చేస్తుంది అని. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఆయనకి 46 ఏళ్లండీ. షుగర్ వల్ల రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. మార్పిడి చేయించుకోమని చెబుతున్నారు. మా అత్తగారేమో ‘ఐదేళ్లకి పోయేదానికి పొట్ట కోయించుకోవడం ఎందుకు, ఇలాగే లాగించేద్దాం’ అంటున్నారు. మా ఊళ్లో ఒకాయనకి నిజంగానే నాలుగేళ్లకే పాడైంది. భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మీ అత్తగారి భయం నాకు అర్థమైంది గానీ ఆవిడ లెక్కలో సగమే ఉందమ్మా. మార్పిడి చేసిన కిడ్నీ ఎన్నేళ్లు ఉంటుందని అడుగుతున్నారు, డయాలసిస్ మీద మనిషి ఎన్నేళ్లు ఉంటాడని ఎవరూ అడగడం లేదు. అమెరికా లెక్కల్లో డయాలసిస్ మొదలుపెట్టినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికి ఉండేది సగం కంటే తక్కువమంది. వాళ్లలో ముసలివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆ లెక్క మీ ఆయనకి అచ్చంగా వర్తించదు, కానీ షుగర్ ఉన్నవాళ్ల పరిస్థితి మామూలు వాళ్ల కంటే మెరుగ్గా ఏమీ ఉండదు.

ఇక కిడ్నీ సంగతి. బతికున్న మనిషి ఇచ్చిన కిడ్నీ మంచి సెంటర్లలో మొదటి ఏడాది దాటేసరికి నూటికి 95 మందిలో పనిచేస్తూ ఉంటుంది. ఆ తర్వాత సగటున పదిహేను, ఇరవై ఏళ్లు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి వచ్చేది సగటున పది పన్నెండేళ్లు. సగటు అంటున్నాను, గుర్తుపెట్టుకోండి: నాలుగేళ్లకే పోయేవాళ్లూ ఉంటారు, పాతికేళ్లు దాటించేవాళ్లూ ఉంటారు. మీ ఊరాయనకి నాలుగేళ్లకి ఎందుకు పోయిందో కనుక్కున్నారా? మందులు మానేశారా, జబ్బే తిరగబెట్టిందా, ఇన్ఫెక్షనా? అది తెలియకుండా ఆ ఒక్క మనిషిని చూసి నిర్ణయం తీసుకోకండి. పైగా కిడ్నీ పాడైతే ప్రాణం పోయినట్టు కాదు, మళ్లీ డయాలసిస్‌కి వెళ్లొచ్చు, రెండోసారి మార్పిడీ చేయించుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ అయిన మొదటి కొన్ని వారాల్లో రిస్కు డయాలసిస్ మీద ఉండిపోయిన వాళ్లకంటే ఎక్కువే. మత్తు, కోత, ఇన్ఫెక్షన్, గుండె, అన్నీ ఒకేసారి మీద పడతాయి. మూడు నాలుగు నెలలకి ఇద్దరి రిస్కూ సమానమవుతుంది, అక్కడి నుంచి ఏటికేడు మార్పిడి చేయించుకున్నవాళ్లదే పైచేయి. అందుకే ఆ మొదటి గండం దాటగలిగేలా మనిషిని ముందే సిద్ధం చేయాలి. షుగర్ ఉన్నాయన కాబట్టి గుండె పరీక్షలు బాగా చేయించండి, ఎకో ఒక్కటే చాలదు, అవసరమైతే యాంజియోగ్రామ్ కూడా. కొత్త కిడ్నీ బాగానే పనిచేస్తుండగా చనిపోయేవాళ్లలో గుండె జబ్బుతో పోయేవాళ్లే ఎక్కువమంది, ఆ తర్వాత ఇన్ఫెక్షన్లు. సిగరెట్టు, చుట్ట, ఖైనీ ఏది ఉన్నా ఇవాళే మానిపించండి. పాదాలకి పుండ్లు ఉంటే ముందు అవి మానాలి. మార్పిడి తర్వాత, పరాయిదని ఒళ్లు కొత్త కిడ్నీని తోసేయకుండా (దాన్నే రిజెక్షన్ అంటారు) వాడే స్టెరాయిడ్, టాక్రోలిమస్ రెండూ షుగర్ పెంచేవే, కాబట్టి ఇప్పుడు మాత్రల మీద ఉన్నా అప్పుడు ఇన్సులిన్ అవసరం పడొచ్చు, ‘కిడ్నీ మారిస్తే షుగర్ కూడా పోతుందట’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. డయాలసిస్ మీద గడిపే ప్రతి ఏడాదీ తర్వాత చేసే మార్పిడి ఫలితాన్ని తగ్గిస్తుంది, రక్తనాళాలు గట్టిపడతాయి, గుండె అలసిపోతుంది. కొన్నిచోట్ల అసలు డయాలసిస్ మొదలుపెట్టక ముందే మార్పిడి చేసేస్తారు, ఫలితాలు అన్నిటికన్నా అక్కడే బాగుంటాయి. ఈ మధ్యలో రక్తం తగ్గిందని బాటిళ్లు ఎక్కించుకుంటూ పోకండి. ఎక్కించిన ప్రతి రక్తానికీ ఒంట్లో యాంటీబాడీలు, అంటే పరాయి కణాల మీద దాడి చేసేవి, తయారయ్యే అవకాశం ఉంది, అవి పెరిగితే రేపు దాత కిడ్నీ మ్యాచ్ కాకుండా పోవచ్చు. రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్లు, ఐరన్ ఉన్నవి అందుకే. ప్రాణం మీదకొస్తే రక్తం ఎక్కించాల్సిందే, అది వేరు. హెపటైటిస్ బి టీకా డోసులు కూడా ఈ టైమ్‌లోనే పూర్తి చేయండి, మార్పిడి తర్వాత ఆ టీకా సరిగా పట్టదు.

మీ అత్తగారిని కూడా ఒకసారి నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో మీరు చెబితే వినని మాట అక్కడ వినొచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి కిడ్నీ కావాలి. మా అమ్మ 63, బీపీకి ఒక మాత్ర వాడుతుంది, ఇస్తానంటోంది. తమ్ముడి భార్య కూడా సిద్ధమే, ఆమెకి 34, పిల్లలు చిన్నవాళ్లు. నేను ఇద్దామంటే మా ఇంట్లో వాళ్లు ‘సంపాదించేవాడివి, నీకేమైనా అయితే’ అంటున్నారు. ఎవరిది మంచిది? ఇచ్చినవాళ్లకి ఏమవుతుంది? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ‘సంపాదించేవాడివి’ అన్న మాట దగ్గరే ఆగుతాను. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, తీసుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. తల్లి ఇస్తుంది, పెళ్లాం ఇస్తుంది, అక్క ఇస్తుంది. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఇంటి పనంతా చేసే మనిషికి ఏమైనా అయినా ఫరవాలేదు, జీతం తెచ్చే మనిషికి కాకూడదు అనే లెక్క కూడా అందులో ఉంది. మంచి సెంటర్లలో దాతని ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరూ లేకుండా, నీకు నిజంగా ఇష్టమేనా అని అడుగుతారు. ఆ గదిలో వద్దంటే డాక్టర్లు ‘మెడికల్‌గా కుదరదు’ అని బయట చెప్పి ఆమె పరువు కాపాడతారు. మీ మరదలికి ఆ సంగతి తెలియాలి.

ఇప్పుడు రిస్కు. కిడ్నీ ఇచ్చే ఆపరేషన్‌లో ప్రాణం పోయే ప్రమాదం పదివేల మందికి ముగ్గురికి మించదు. చిన్నది, సున్నా కాదు. మిగిలిన ఒక్క కిడ్నీ కొన్ని వారాల్లో పెరిగి, రెండూ కలిసి చేసే పనిలో దాదాపు 70 శాతం తనే చేస్తుంది. పదిహేనేళ్లలో దాతకే కిడ్నీలు ఫెయిలయ్యే ప్రమాదం వెయ్యికి ముగ్గురు, ఇవ్వని ఆరోగ్యవంతుల కంటే అది ఎక్కువే అయినా మొత్తం మీద తక్కువ. ఇచ్చినవాళ్లు ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే అంకె), యూరిన్‌లో ప్రోటీన్ చూపించుకోవాలి, చాలామంది కుట్లు విప్పాక మళ్లీ ఆసుపత్రి మొహం చూడరు.

ఎవరిది మంచిదంటే, పరీక్షలు చెప్పాలి. బ్లడ్ గ్రూపు, ఇద్దరి కణాల పోలిక చూసే హెచ్‌ఎల్‌ఏ, దాత కణాల మీద తీసుకునేవాళ్ల రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే క్రాస్‌మ్యాచ్, ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే డీటీపీఏ స్కాన్, రక్తనాళాలకి సీటీ. అమ్మ వయసుకి చట్టంలో పైహద్దు లేదు. ఒక్క మాత్రతో బీపీ అదుపులో ఉండి, యూరిన్‌లో ప్రోటీన్ పోకుండా, స్కాన్ బాగుంటే చాలా సెంటర్లు ఒప్పుకుంటాయి. ఆవిడ కిడ్నీ పాతికేళ్ల కుర్రాడి కిడ్నీ అంతకాలం రాకపోవచ్చు, అయినా డయాలసిస్ కన్నా ఎంతో నయం. నిజానికి తల్లి 63లో ఇచ్చి, పదిహేనేళ్ల తర్వాత అవసరమైతే ఇంకొకరు ఇవ్వడం అనే వరస చాలా కుటుంబాల్లో బాగా కుదురుతుంది. చిన్న పిల్లల తల్లిని ముందే వాడేసుకోవడం కన్నా నాకు అదే నచ్చుతుంది. మీ సంగతికొస్తే, తమ్ముడి జబ్బు ఏమిటో రాయలేదు. పాలిసిస్టిక్ (కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు) లాంటి వంశంలో వచ్చేదైతే మీ కిడ్నీలు ముందు మీకే చూసుకోవాలి. షుగర్ అయితే మీకు వచ్చే అవకాశమూ లెక్కలోకి తీసుకోవాలి.

మీరు అడగనిది ఒకటి కలుపుతాను, ఇలాంటి ఇళ్లల్లో తరచూ వచ్చేది. పిల్లల్ని కన్న భార్యకి భర్త కిడ్నీ ఇవ్వాలనుకుంటే క్రాస్‌మ్యాచ్ జాగ్రత్తగా చూడాలి. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ ద్వారా భర్త వైపు కణాలకి ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. భార్య భర్తకి ఇస్తే ఈ చిక్కు లేదు.

కాగితాల పని: తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ తర్వాత తాతయ్య నాయనమ్మ అమ్మమ్మలు, మనవలు, మనవరాళ్లు, వీళ్లంతా చట్టం ప్రకారం దగ్గరి బంధువులు. బావమరిది, మేనత్త, బాబాయి కారు, వాళ్లు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. గ్రూపు కలవకపోతే అలాంటి ఇంకో కుటుంబంతో మార్చుకునే స్వాప్ పద్ధతి కూడా అదే సవరణలో వచ్చింది. గ్రూపు కలవకపోయినా రక్తంలోని యాంటీబాడీల్ని తీసేసి చేసే మార్పిడి ఉంది గానీ, ఖర్చు, ఇన్ఫెక్షన్ రిస్కు రెండూ పెరుగుతాయి, స్వాప్ దొరికితే అదే మేలు. బ్రోకరు ద్వారా కొనడం మాట ఎవరైనా ఎత్తితే ఐదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి దాకా జరిమానా అని చెప్పండి చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి మార్పిడి జరిగి మూడేళ్లు. క్రియాటినిన్ ఎప్పుడూ 1.3 ఉండేది, ఈసారి 1.9 వచ్చింది. కాళ్ల వాపు లేదు, జ్వరం లేదు, బాగానే తిరుగుతున్నాడు. నెల క్రితం మందుల ఖర్చు భరించలేక షాపులో చవకది ఇమ్మంటే వేరే కంపెనీ టాక్రోలిమస్ ఇచ్చాడు. ఇంకో మాత్ర రెండు పూటలకి బదులు ఒక పూటే వేసుకుంటున్నాడట, నిన్ననే చెప్పాడు. వచ్చే నెల చెకప్‌లో అడుగుదామా? – ఒక తండ్రి, రావులపాలెం

జవాబు: వచ్చే నెల కాదండీ. ఈ పత్రిక పక్కన పెట్టి ఫోన్ చేయండి.

బాగానే తిరుగుతున్నాడు అన్నదే ఇందులో మోసం. రిజెక్షన్ మొదలైనప్పుడు చాలామందికి ఏ నొప్పీ ఉండదు, యూరిన్ కూడా మామూలుగానే వస్తుంది. వాపు, జ్వరం, కిడ్నీ పెట్టినచోట నొప్పి కనిపించేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. రక్తపరీక్షలోని ఆ అంకె ఒక్కటే ముందు చెబుతుంది, అది 1.3 నుంచి 1.9కి వచ్చిందంటే మామూలు హెచ్చుతగ్గు కాదు.

అలాగని అది కచ్చితంగా రిజెక్షనే అని కూడా అనను. టాక్రోలిమస్ తక్కువైతే రిజెక్షన్, ఎక్కువైతే అదే మందు కిడ్నీని దెబ్బతీస్తుంది, రెండిట్లోనూ క్రియాటినిన్ పెరుగుతుంది. విరేచనాలైతే ఒంట్లో నీరు తగ్గడమే కాదు, టాక్రోలిమస్ లెవెల్ కూడా పెరుగుతుంది. బీకే అనే వైరస్ ఉంటుంది, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటుంది, మూత్రం వచ్చే గొట్టంలో అడ్డు ఉంటుంది. అందుకే రక్తంలో టాక్రోలిమస్ లెవెల్, యూరిన్, కిడ్నీకి రక్తం సరిగా వెళ్తోందో చూపే డాప్లర్ స్కాన్ చూసి, అవసరమైతే బయాప్సీ చేస్తారు. బయాప్సీ అంటే హడలిపోకండి, కిడ్నీ పొత్తికడుపులో చర్మానికి దగ్గర్లోనే ఉంటుంది, అక్కడికే మత్తిచ్చి సూదితో చిన్న ముక్క తీస్తారు. రిజెక్షన్ అని తేలి తొందరగా దొరికితే సాధారణంగా మూడు రోజుల స్టెరాయిడ్ ఇంజక్షన్లతో చాలావరకు లొంగుతుంది. మందులు తప్పడం వల్ల యాంటీబాడీలు పుట్టి వచ్చే రకం అంత సులభంగా లొంగదు, లొంగినా కిడ్నీలో మచ్చ మిగులుతుంది.

లెవెల్ పరీక్షకి వెళ్లేటప్పుడు ఒక సంగతి. పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి, రాత్రి మాత్రకి పన్నెండు గంటల తర్వాత ఇచ్చే రక్తమే లెక్క. వేసుకుని వెళ్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు, డబ్బు దండగ.

ఇక ఖర్చు. అబ్బాయిని తిట్టకండి. నాన్న మీద భారం పడుతోందని తనకి తానే మాత్ర తగ్గించుకున్నాడు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది కొత్తేం కాదు. చవక కంపెనీ మందు చెడ్డదనీ అనను, చాలామంది వాటి మీదే బాగున్నారు. కంపెనీ మారిస్తే వారం పది రోజుల్లో లెవెల్ చూడాలి, అది చూడకపోవడం తప్పు. రెండోది మైకోఫినోలేట్ అయ్యుంటుంది, అదే ఖరీదు. డాక్టరుకి దాచకుండా ‘కొనలేకపోతున్నాం’ అని చెబితే కొందరికి అజాథయోప్రిన్‌కి మార్చొచ్చు, అది చాలా చవక, కాకపోతే అందరికీ సరిపోదు, రక్తకణాలు చూసుకుంటూ వాడాలి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మార్పిడి తర్వాతి మందులు మీ అబ్బాయికి ఇంకా వస్తాయేమో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లని అడగండి. అడగడానికి మొహమాటపడే ఇళ్లల్లోనే కిడ్నీలు ఎక్కువ పోతున్నాయి, నా అనుభవం అది.

ప్రశ్న: ఆయ్, నాకు మార్పిడై రెండేళ్లండి. క్రియాటినిన్ 1.2. రొయ్యల చెరువులు చూసుకుంటాను. చెరువులోకి దిగొచ్చా? పులస, కొబ్బరినీళ్లు, ఆవకాయ మళ్లీ మొదలెట్టొచ్చా? అన్నిటికీ వద్దనే అంటారేమోనని మా డాక్టరుగారిని అడగలేదు. – ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: అన్నిటికీ వద్దనను. పులస తినండి. ఎర్రనీరు వచ్చి దొరికినప్పుడు, బాగా ఉడికిన పులుసు, ఉప్పు తక్కువేసి. పుస్తెలమ్మే సంగతి మాత్రం మీ ఆవిడతో మాట్లాడుకోండి. చేపైనా రొయ్యైనా పూర్తిగా ఉడకాలి, చెరువు గట్టు మీద సగం కాల్చి తినే రొయ్యలు వద్దు. ఆవకాయ నాలిక్కి రాసుకునేంత, ఉప్పుచేప అసలు వద్దు, బీపీ పెరిగితే కొత్త కిడ్నీకి మొదటి శత్రువు అదే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ రోజుల్లో అవి ప్రాణం తీసేవి, ఇప్పుడు కిడ్నీ బాగుంది కాబట్టి తాగొచ్చు గానీ టాక్రోలిమస్ కూడా పొటాషియం పెంచుతుంది, మొన్నటి రిపోర్టులో పొటాషియం చూసి మీ డాక్టరు సరేనంటేనే. బయట ఫంక్షన్లలో పచ్చి కూరముక్కలు, మూతలేని మజ్జిగ మానేయండి.

మీరు అడగని పండు ఒకటుంది, నాకు అసలు భయం దానితోనే: పంపర పనస. వినాయక చవితికి పాలవెల్లికి కట్టి, తర్వాత అందరూ కోసుకుతింటారు. అందులోని పదార్థాలు టాక్రోలిమస్‌ని ఒంట్లో విరగనివ్వవు, లెవెల్ అమాంతం పెరుగుతుంది. ఒక్క తొన కూడా వద్దు.

చెరువులోకి దిగడం: కాళ్లకి పుండ్లు, గీతలు లేకుండా, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, అదీ తప్పనిసరైతేనే. ఎలకల మూత్రం కలిసిన నీళ్లల్లో లెప్టోస్పైరా అనే జ్వరం తెచ్చే క్రిమి ఉంటుంది, మీ ఒంట్లో దాన్ని ఆపే శక్తిని మందులు అణిచేసి ఉంచాయి. దిగే పని కూలీలకి వదిలి మేత లెక్కలు మీరు చూసుకోవడం మేలు. ఇదే కారణంగా 2027 పుష్కరాలకి కూడా ఆ జనంలో మునగకుండా నెత్తిన నీళ్లు చల్లుకుంటే చాలు, గోదారమ్మ ఏమీ అనుకోదు.

వీటన్నిటికన్నా ముఖ్యం, జ్వరం వంద దాటితే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకోకండి. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి విషం. క్లారిత్రోమైసిన్ టాక్రోలిమస్‌ని పెంచుతుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ పడగొడుతుంది. ఏ కొత్త మాత్రకైనా ముందు మీ ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కి ఫోన్. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే టీబీ పరీక్ష అడగండి, మార్పిడి చేయించుకున్నవాళ్లకి మన దేశంలో అది మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. పసరు మందులు, వేర్ల పొడులు ఎవరిచ్చినా వద్దు.

ప్రశ్న: మార్పిడై ఎనిమిది నెలలు. వయసు 27, పెళ్లయింది. పిల్లల్ని కనొచ్చా? – తణుకు

జవాబు: కనొచ్చు, ఇప్పుడే కాదు. కనీసం ఏడాది దాటాలి, క్రియాటినిన్ నిలకడగా ఉండాలి, యూరిన్‌లో ప్రోటీన్ పోకూడదు, బీపీ అదుపులో ఉండాలి. మైకోఫినోలేట్ బిడ్డకి హాని చేస్తుంది, ప్రయత్నం మొదలుపెట్టడానికి ఆరు వారాల ముందే దాన్ని ఆపి అజాథయోప్రిన్‌కి మారుస్తారు, మీ అంతట మీరు ఆపకూడదు. మార్పిడి తర్వాత కొన్ని నెలలకే నెలసరి సరిగా వచ్చి గర్భం నిలిచే అవకాశం ఉంటుంది, కాబట్టి అప్పటిదాకా జాగ్రత్త పడండి. నెలలు నిండకుండా కాన్పు, బీపీ పెరగడం మామూలు వాళ్ల కంటే ఎక్కువ, పెద్దాసుపత్రిలోనే చూపించుకోవాలి.

ప్రశ్న: నాకు 67. ఇచ్చేవాళ్లు లేరు. జీవన్‌దాన్‌లో (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం) 65 దాటితే పేరు రాయరని విన్నాను, నిజమేనా? – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, ఆ నిబంధనని 2023లో కేంద్రం తీసేసింది. ఏ రాష్ట్రంలోనైనా నమోదు చేసుకోవచ్చు, నమోదుకి ఫీజు తీసుకోకూడదు. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే పేరు ఎక్కుతుంది. మీ వయసులో నిర్ణయించేది పుట్టినతేదీ కాదు, గుండె, కాళ్ల రక్తనాళాలు, మీ నడక. అవి బాగుంటే ఈ వయసులోనూ డయాలసిస్ కన్నా లాభమే. ఇలా వచ్చే కిడ్నీ కొన్ని గంటలు ఐసులో ఉంటుంది కాబట్టి కొందరిలో మొదటి రోజుల్లో పని మొదలవదు, ఒకటి రెండుసార్లు డయాలసిస్ చేయాల్సి వస్తుంది, ‘ఫెయిలైంది’ అని ఇంట్లోవాళ్లు ఏడుపులు మొదలెట్టకుండా ముందే చెప్పి ఉంచండి. పిలుపు అర్ధరాత్రి కూడా రావొచ్చు. ఇంకో నంబరు, మీ అబ్బాయిదో పక్కింటివాళ్లదో, ఆసుపత్రిలో ఇచ్చి ఉంచండి, వైజాగ్‌కి కారు ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఫోన్ వచ్చాక ఏమీ తినకుండా ఆఖరి డయాలసిస్ కాగితం పట్టుకుని బయలుదేరండి.